పద్దెనిమిది మందీ దిగేరా?

పొద్దున్నే గట్టు మీద పాలబండి వెళ్లకముందే నూకరాజు పటాలం తోట గేటు తీస్తాడు. చెప్పులు బయటే విడిచి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని, "వందనాలండీ! దిగేరా అందరూ?" అని పలకరిస్తాడు. జవాబు కోసం ఆగినట్టు ఓ క్షణం ఆగుతాడు. తరవాత చూపుడువేలు చాపి, ఏటి వైపు వరసలో తొమ్మిది, గట్టు వైపు వరసలో తొమ్మిది, ఒక్కో పలకనీ చూపిస్తూ పైకే లెక్కపెడతాడు. పద్దెనిమిది వచ్చాక "ఆయ్" అని తనకి తనే చెప్పుకుని చీపురు అందుకుంటాడు.

రెండు వరసల్లోనూ ఐదో పలక దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ వేలు కాస్త తడబడుతుంది. అది ఆరేళ్లుగా ఎవరి కంటా పడలేదు.

ముక్తేశ్వరానికి దిగువన, గౌతమి గట్టు పక్కన పాతరేవు అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి పల్లెకారుల ఇళ్లలో పుట్టినవాడు నూకరాజు. నలభై ఏళ్లు నావ నడిపాడు. ఎదురుగా ఏటి మధ్యనున్న నేరేడులంకకి కూరగాయల గంపలనీ, పెళ్లివారినీ, బడిపంతుళ్లనీ, గేదెదూడల్నీ, ఒకసారైతే హార్మోనియంతో సహా క్రిస్మస్ పాటల బృందాన్నీ దాటించాడు. నావలో ఎక్కినప్పుడొకసారి, దిగినప్పుడొకసారి వేలు చూపించి మనుషుల్ని లెక్కపెట్టడం వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. ఎక్కినవాళ్లూ దిగినవాళ్లూ ఒక్కటయితేనే ఆ రోజు అన్నం సహించేది. ఇప్పుడు నావ లేదు. అంటే ఉంది, పటాలం తోట గేటు పక్కన బోర్లించి ఉంది. ఎండవేళ గట్టు మీద నడిచి వెళ్లేవాళ్లు దాని మీద కూర్చుని కాసేపు అలుపు తీర్చుకుంటారు. నూకరాజు వాళ్ల కోసం పక్కనే ఓ కుండ నీళ్లు పెడతాడు. కుండ మీద మూతా, మూత మీద గ్లాసూ, గ్లాసు ఎగిరిపోకుండా లోపల చిన్న గులకరాయీ.

పటాలం తోట మొదట్లో ఇక్కడ లేదు. నేరేడులంకలో ఉండేది. ఆ చుట్టుపక్కల పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాల నుంచి చాలామంది కుర్రాళ్లు వెనకటి పెద్ద యుద్ధంలో పటాలంలో చేరారు. కొందరు బర్మా అడవుల నుంచి గాయాలతో వచ్చారు, కొందరు జ్వరాలతో వచ్చారు. వచ్చినవాళ్లలో పద్దెనిమిది మంది ఒకరి తరవాత ఒకరు కన్నుమూస్తే, లంకలో మిషను వాళ్ల మామిడితోటలో ఒక మూల పక్కపక్కనే పాతిపెట్టారు. రెండు వరసలు. అందుకే దానికి పటాలం తోట అని పేరు పడింది.

తరవాత లంక పక్కనే ఇసుక ర్యాంపు పడింది. యంత్రాలు రాత్రీ పగలూ ఏటి అడుగు తోడేస్తుంటే లంక అంచు విరిగి ఏట్లో కలవడం మొదలెట్టింది. ముందు కూరపాదులు పోయాయి. ఆ తరవాత మామిడిచెట్లు. ఏరు సమాధులకి పది బారల దూరంలోకి వచ్చేసరికి ఊళ్లో పెద్దలు ఆఫీసుల చుట్టూ తిరిగి, గట్టు పక్కన పాతిక సెంట్లు చోటు సంపాదించారు. పటాలం వాళ్లని ఇటు తేవాలి. తేవడానికి నూకరాజు నావ తప్ప ఇంకేదీ లేదు.

అప్పటి పాస్టరు పెద్దాయన. ఊరంతా అయ్యగారూ అని పిలిచేది. ఆయన ఒకే ఒక్క మాట పట్టుబట్టాడు.

"వాళ్లు ఎలా పడుకున్నారో అలాగే రావాలి నూకరాజూ. ఏటి వైపు వాళ్లు ఎడం పక్కన, గట్టు వైపు వాళ్లు కుడి పక్కన. అదే వరసలో దించుతాం."

వడ్రంగి పెట్టెలు ఆ పొద్దునే తెచ్చాడు. వాటి మీద పేరు రాసే తీరిక లేదు. వరసే పేరు. ఒక్కో పెట్టెలో ఎముకలూ, వాటితోపాటు అక్కడి మట్టీ వేశారు. ఏటి వైపు మట్టి తడిమట్టి. ఎడం పక్క బరువైపోయింది. నూకరాజు కనిపెట్టి పెద్దలందర్నీ కుడి పక్కన కూర్చోబెట్టి సర్దాడు. అంతవరకూ బాగానే ఉంది.

నడి ఏట్లోకి వచ్చాక అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. అందరూ లేచి ఎడం పక్కకి తిరిగి, పెట్టెల ముందు మోకరించి కళ్లు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇసుక పడవ ఒకటి పక్క నుంచి పోయింది. దాని అల తగిలి నావ ఎడం పక్కకి ఒరిగింది. ప్రార్థనలో ఉన్నవాళ్లకి తెలియలేదు. నావ నడిపేవాడు నడి ఏట్లో కళ్లు మూసుకోకూడదు కాబట్టి నూకరాజు ఒక్కడికే తెలిసింది. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే చేశాడు. నావ వెడల్పుగా ఉండే నడిమధ్యన, ఎడం వరసలో ఐదో పెట్టె ఎత్తి కుడి వరసలో పెట్టి, అక్కడి తేలిక పెట్టెని ఇటు పెట్టాడు. నావ నిలబడింది. "ఆమేన్" అన్నారు వాళ్లు కళ్లు తెరిచి. రేవులో నూకరాజు పెట్టెలు లెక్కపెట్టుకున్నాడు. పద్దెనిమిది ఎక్కారు, పద్దెనిమిదీ దిగారు.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక గాని ఆ రెండు పెట్టెలూ తిరిగి మార్చలేదన్న సంగతి అతనికి గుర్తు రాలేదు. అప్పటికి మట్టి కప్పేశారు, పాట పాడేశారు, పేర్లు రాసిన సిమెంటు పలకలు నిలబెట్టేశారు. ఏటి వైపు ఐదో పలక మీద సిపాయి యేసురత్నం. గట్టు వైపు ఐదో పలక మీద సిపాయి ఇశ్రాయేలు. నడుమ ఎనిమిది అడుగుల దారి. కింద మాత్రం అతనక్కడా ఇతనిక్కడా ఉన్నారు.

మర్నాడే చెబుదామనుకున్నాడు. "మా సంఘం కానివాడివి, మా పెట్టెలు నువ్వెందుకు ముట్టుకున్నావు?" అంటారేమోనని ఒక రోజు ఆగాడు. రెండో రోజు అయ్యగారికి ఒంట్లో బాగోలేదు. మూడో నెలలో ఆయన్ని వేరే ఊరు మార్చారు. అలా ఆరేళ్లయింది. ఎవరూ చెప్పకుండానే నూకరాజు తోట ఊడవడం, పలకలు కడగడం, లెక్కపెట్టడం మొదలెట్టాడు. సంఘం వాళ్లు చూసి సంతోషించి గేటు తాళం చెవి అతని చేతికే ఇచ్చారు. ఆ చెవిని మొలతాడుకి కట్టుకున్నాడు. పూలమ్మే పెద్దింట్లమ్మ మిగిలిన బంతిపూలు రోజూ గేటుకి తగిలించి వెళ్లేది. లెక్కలో ఐదో పలకల దగ్గర మాత్రం ఇద్దర్నీ రెండు పేర్లతో పిలిచేవాడు. "యేసురత్నం గారూ, ఇశ్రాయేలు గారూ, ఎవరెక్కడున్నా వందనాలండీ."

ఈ గోలంతా తెలిసిన మనిషి ఒక్కతే. భార్య వీరవేణి.

"పడవ ఒరిగితే సర్దడం తప్పా ఏంటండీ? సర్దేనని చెప్పకపోవడం తప్పు గాని" అనేది ఆవిడ, చేపలగంప నెత్తిన పెట్టుకుంటూ.

"చెబుతాలే."

"ఎప్పుడండీ? మీరూ ఆ తోటలో చేరేకా?"

ఈ ఏడు అక్టోబరులో ఆ మాటకి గడువొచ్చింది. సమాధుల పండుగకి పలకలు తీసేసి గ్రానైటు రాళ్లు పెట్టించాలని రెండు కుటుంబాలు అనుకున్నాయి. ఆ రెండూ ఈ రెండే. యేసురత్నం కూతురు దీనమ్మకి డెబ్భై ఏడేళ్లు. తండ్రి పోయేనాటికి ఆవిడకి మూడేళ్లు. ఫొటో కూడా లేదు. కాకినాడలో నర్సుగా చేస్తున్న మనవరాలు క్రిస్టీనా "ముత్తాతకి రాయి నేను పెట్టిస్తా అమ్మమ్మా" అంది. ఇశ్రాయేలు మనవడు శ్యామ్ సుందర్ రిటైరైన హెడ్మాస్టరు, దీనమ్మ పక్కింటాయనే. తాతకీ అలాంటి రాయే చెప్పాడు. బుధవారం పొద్దున మేస్త్రీ శివప్రసాద్ వచ్చి సిమెంటు వేసి బిగించేస్తాడు. బిగించాక ఇక కదలదు.

దీనమ్మ ప్రతి ఆదివారం గుడి అయ్యాక తిన్నగా తోటకొచ్చేది. తండ్రి పలక పక్కన పీట వేసుకుని కూర్చుని వారమంతా జరిగినవి చెప్పేది. ఆవిడ చెప్పేవాటిల్లో సగం శ్యామ్ సుందర్ ఇంటి కొబ్బరిచెట్టు గురించే. ఆ చెట్టు ఆవిడ వంటింటి మీదకి ఒరిగి ఉంది. కాయ రాలినప్పుడల్లా పెంకు పగిలేది. "చూడు నాన్నా, హెడ్మాస్టరంట, చెట్టు కొట్టించమంటే నవ్వుతాడు. వాళ్ల తాత ఇశ్రాయేలు బతికుంటే ఇలా ఊరుకునేవాడా?" అని ఆవిడ ఏకరువు పెడుతుంటే, చీపురు పట్టుకుని దూరాన నిలబడ్డ నూకరాజుకి చెమటలు పట్టేవి. ఆవిడ ఎవరితో చెబుతోందో అతనికి తెలుసు కదా.

సోమవారం సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని దీనమ్మ ఇంటికెళ్లాడు.

"రావయ్యా నూకరాజూ, దేవుడు పంపినట్టొచ్చేవు. ఇప్పుడే కొబ్బరి లౌజు చేసేను, తిను" అంది దీనమ్మ ముక్కాలిపీట వాల్చి.

"వద్దండీ, ఓ మాట చెప్పాలని..."

"తింటా చెప్పు. నిన్న మీటింగులో కూడా అన్నాను. మా నాన్నకి నేను కూతుర్నయితే నువ్వు కొడుకువి. కన్నకొడుకైనా రోజూ పొద్దున్నే ఇలా వెళ్తాడా? మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు అనుకుంటాం గాని, నిన్ను చూస్తే నాకదేం కనపడదు."

లౌజు నూకరాజు గొంతులో అడ్డం పడింది. ఆవిడ నీళ్లిచ్చి వీపు నిమిరింది.

"ఏదో మాటన్నావు?"

"ఏం లేదండీ. మీ కోడిపెట్ట మా వైపొచ్చి గుడ్లెడతందండీ."

ఇంటికి రాగానే వీరవేణి గుమ్మంలోనే అడిగింది.

"చెప్పేరా?"

"చెప్పేను."

"ఏమని?"

"కోడిపెట్ట గురించి."

వీరవేణి తల కొట్టుకుని, కొంగులో ముఖం దాచుకుని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, పక్కన కూర్చుని నెమ్మదిగా అంది. "గేటు తాళం లాక్కుంటారని కదా భయం? లాక్కుంటే లాక్కోనీండి. ఆవిడకి తండ్రి ఒక్కసారే పోయేడు. రెండోసారి మీరు పోగొడతారా?"

ఆ మాట నూకరాజుకి తగలాల్సిన చోటే తగిలింది.

బుధవారం తోటలో అందరూ చేరారు. కొత్త పాస్టరు సన్నీ వచ్చాడు. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు, మోటారుసైకిలు మీద బైబిలూ హెల్మెటూ పక్కపక్కన పెట్టుకుని తిరుగుతాడు. దీనమ్మ కొత్త చీర కట్టుకుంది. శ్యామ్ సుందర్ జేబులోంచి చుట్ట ఒకటి తీసి గట్టు వైపు ఐదో పలక మీద పెట్టాడు. తాతకి లంకచుట్టలంటే ప్రాణమని ప్రతి పండుగకీ అలా పెట్టడం ఆయనకి అలవాటు. శివప్రసాద్ రెండు పాత పలకలూ పెకలించి పక్కన పెట్టి, సిమెంటు కలిపి తాపీ చేత్తో పట్టుకున్నాడు. "సరే అయ్యగారూ, ప్రార్థన చేసేస్తే మొదలెడతాను."

అందరూ తలలు వంచారు. కళ్లు మూసుకున్నారు.

నూకరాజు మూసుకోలేదు. నావ మళ్లీ ఒరుగుతున్నట్టనిపించింది.

"ఆగండయ్యా!" అన్నాడు.

అందరూ కళ్లు తెరిచారు. నూకరాజు మొలతాడుకున్న తాళం చెవి విప్పి సన్నీ పాస్టరు చేతిలో పెట్టాడు. చేతులు కట్టుకుని, ఇసుక పడవ నుంచి పెట్టెల దాకా మొత్తం చెప్పేశాడు. ఎడమ ఐదోది, కుడి ఐదోది. తడిమట్టి పెట్టె, పొడిమట్టి పెట్టె. ఆఖరున, "నేను ముట్టుకోకూడదేమోనని చెప్పలేదండి. ఆ తరవాత ఎలా చెప్పాలో తెలీక చెప్పలేదండి. తప్పు నాదేనండి" అన్నాడు.



"ఆ పడవలో నేనూ ఉన్నానయ్యా!" అన్నాడు శ్యామ్ సుందర్. "నీకు రెండడుగుల దూరంలో మోకరించి ఉన్నాను."

"కళ్లు మూసుకున్నారు కదండీ మేస్టారూ."

దీనమ్మ ముఖం ఎర్రబడింది. పీట మీంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. "ఆరేళ్లు నూకరాజూ! ఆరేళ్లు నేనిక్కడ కూర్చుని ఏడ్చేను, నవ్వేను, మనవరాలి ఉద్యోగం గురించి చెప్పేను. ఒక్క ఆదివారమైనా నా భుజం తట్టి, అమ్మా, అటు కూర్చోండి అనలేకపోయేవా?"

సన్నీ పాస్టరు ఏదో అనబోతే దీనమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. ఆవిడ పలక తీసేసిన చోటు వైపు చూస్తోంది. చూస్తూ చూస్తూ ఆవిడ ముఖంలో కోపం పక్కకి జరిగి, ఇంకేదో వచ్చి కూర్చుంది.

"ఓరి దేవుడా" అంది మెల్లగా. "మరి కొబ్బరిచెట్టు గురించి చెప్పిందంతా..."

"మా తాతకే చెప్పేరన్నమాట" అన్నాడు శ్యామ్ సుందర్.

"నిన్ను పిసినారి అన్నాను."

"ఆయ్."

"అడ్డగాడిదవన్నాను."

"అదీ చెప్పేరా! తాత ముందే!" హెడ్మాస్టరు గారి నవ్వు ఇక ఆగలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంటి పెద్దకే పితూరీ అందేక ఇంక చేసేదేముందండీ. శనివారం మనుషుల్ని పిలిచి ఆ చెట్టు కొట్టించేస్తాను."

"నువ్వూరుకో, నీ సంగతి తరవాత. నువ్వు ఆరేళ్లుగా మా నాన్నకి చుట్టలు పెట్టేవు! మా నాన్న జన్మలో చుట్ట ముట్టలేదని మా అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. పరలోకంలో ఎంత దగ్గుతున్నాడో!"

శివప్రసాద్ తాపీ కింద పడేసి పొట్ట పట్టుకున్నాడు. సన్నీ పాస్టరు నవ్వు ఆపుకుందామని హెల్మెటు వైపు చూశాడు, లాభం లేకపోయింది. ఒక్క నూకరాజే నవ్వలేదు. అతని కళ్లు తాళం చెవి మీదే ఉన్నాయి.

"మరిప్పుడు తవ్వాలాండీ అయ్యగారూ?" అన్నాడు శివప్రసాద్ చివరికి.

"ఎందుకూ? వాళ్లని ఒకసారి లేపేం, చాలదా?" అన్నాడు సన్నీ. "వాళ్ల చోట వాళ్లని పడుకోనిద్దాం. రాళ్లే అటుదిటూ ఇటుదటూ పెడదాం."

అంతే. అంత చిన్న పని. ఆరేళ్లు మోసిన బరువు రెండు రాళ్లు దారి దాటినంతసేపట్లో దిగిపోయింది. ఎత్తినవాళ్లలో నూకరాజు కూడా ఉన్నాడు. ఏటి వైపు రాయి గట్టు వైపుకి తెచ్చేటప్పుడు బరువైన పక్క శ్యామ్ సుందర్ అడిగి మరీ పట్టుకున్నాడు.

సిమెంటు వేసే ముందు దీనమ్మ ఒక్క నిమిషం అంది. ఆరేళ్లుగా కూర్చున్న చోటుకే వెళ్లి వంగి, మట్టి మీద చెయ్యి పెట్టింది. "ఇశ్రాయేలు బాబాయ్, నీ మనవడి మీద చెప్పినవి సగం కోపంలో చెప్పినవి. మనసులో పెట్టుకోకు. మిగిలిన సగం మాత్రం నిజమే." తరవాత పీట చంకన పెట్టుకుని ఎనిమిది అడుగులు నడిచి, దారి అవతల వేసుకుంది. "నాన్నా, నేను దీనమ్మని" అని మొదటి నుంచీ మొదలెట్టింది. అందరూ కొంచెం దూరంగా జరిగారు. శివప్రసాద్ సిమెంటు ఎండిపోతున్నా ఏమీ అనకుండా, తడిగోనె కప్పి, బోర్లించిన నావ మీద కూర్చుని ఎదురుచూశాడు.

ఆ సాయంత్రం నూకరాజు గట్టు మీద నిలబడి ఉండగా సన్నీ పాస్టరు మోటారుసైకిలు ఆపి, తాళం చెవి తిరిగి అతని చేతిలో పెట్టాడు. "ఇది నా దగ్గరుంటే రేపు పొద్దున వాళ్లని ఎవరు లెక్కపెడతారండీ? నేను ఏడింటికి గాని లేవను" అన్నాడు.

నూకరాజు ఆ చెవిని మొలతాడుకి కట్టుకోలేదు. తిన్నగా దీనమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"మళ్లీ కోడిపెట్టేనా?" అంది తల ఎత్తకుండానే.

"కాదండీ. శుక్రవారం నాకు కంటి ఆపరేషనండి. శుక్లాలు. వారం రోజులు కట్టు కట్టి ఇంట్లోనే ఉండమన్నారండి." తాళం చెవి ఆవిడ చేటలో, బియ్యం పక్కన పెట్టాడు. "మీరో సాయం చెయ్యాలండి. ఆ వారం రోజులూ పొద్దున్నే మీరెళ్లాలండి."

దీనమ్మ చెవి వైపు చూసింది, అతని వైపు చూసింది. ఎవరో కొత్తగా చేతిలో పసిబిడ్డని పెట్టినట్టు ఆ చెవి తీసి అరచేతిలో పట్టుకుంది.

"నేనా? వెళ్లి ఏం చెయ్యాలయ్యా?"

"చెప్పులు బయట విప్పెయ్యండి. వందనాలండీ, దిగేరా అందరూ అని అడగండి. వేలెట్టి లెక్కపెట్టండి, పైకే. పద్దెనిమిది రావాలి." వెళ్లబోయి వెనక్కి తిరిగాడు. "ప్రార్థన తరవాత ఎంతసేపైనా చేసుకోండమ్మా. లెక్కపెట్టేటప్పుడు మాత్రం కళ్లు మూసుకోకండి."